ఒకదాంట్లో ఐదు

పొద్దున్నే కట్టెల దొడ్లోకి వచ్చి గోడవైపు చూసిన యమునాబాయికి అక్కడ ఏమీ కనిపించలేదు. సమ్మెట లేదు, గడ్డపార లేదు, ఇద్దరు పట్టి కోసే పెద్ద రంపం లేదు, గొడ్డళ్ళు రెండూ లేవు. అవి తగిలించే మేకులు మాత్రం గోడకు అలాగే ఉన్నాయి. దొంగలు పడ్డారేమో అనుకుంది. దొంగలైతే మోటారు ఎత్తుకుపోతారు గానీ సమ్మెట ఎందుకు మోస్తారని ఆ వెంటనే అనిపించింది.

భివండి కనేరిలోని ఆ సైజింగ్ కారఖానా రాజమౌళిది. మగ్గాల మీదికి వెళ్ళే నూలుకు అక్కడ గంజి పట్టించి ఆరబెట్టి, బీములనే పెద్ద కండెలకు చుడతారు. గంజి ఉడకాలన్నా నూలు ఆరాలన్నా ఆవిరి కావాలి. ఆవిరి కోసం పొద్దటి నుంచి సాయంత్రం దాకా బాయిలర్‌కు కట్టెలు వేస్తూనే ఉండాలి. లారీల్లో వచ్చే తుమ్మ మొద్దుల్ని బాయిలర్ నోట్లో పట్టేలా చీల్చే పని యమునాబాయిది, ఆమె మరిది బుచ్చిరాములుది. ఆ పని ముందు ఆమె భర్తది. ఆరేళ్ళ కింద ఆయన పోయాక, ఆ గొడ్డలి తానే పట్టుకుంటానని ఆమె రాజమౌళిని అడిగింది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. రాజమౌళి నవ్వలేదు. "చేస్తనంటె చెయ్యి చెల్లె" అన్నాడు. ఆయనా సిరిసిల్ల పక్క నుంచి పదిహేడో ఏట భివండి వచ్చి మగ్గం మీద నిలబడి ఎదిగినవాడే. ఆ ఒక్క మాట కోసం యమునాబాయి ఆరేళ్ళుగా ఆయన మీద ఎవరు నోరు పారేసుకున్నా ఊరుకోలేదు.

ఏడాది నుంచి కారఖానా చూస్తున్నది ఆయన కొడుకు భూషణ్. ఆ పొద్దున అతనే రెండు అట్టపెట్టెలు చంకలో పెట్టుకుని దొడ్లోకి వచ్చాడు.

"అత్తా, పాత సామాన్ భంగార్‌ల ఇచ్చేసిన. ఇగో, కొత్తది చూడు."

పెట్టె విప్పి ఒక గొడ్డలి తీశాడు. ఎర్ర పిడి, మెరిసే తల. ఒకవైపు పదును, దాని వెనక సుత్తి, పక్కన మేకులు పీకే గాడి. పిడి చివర గడ్డపార మొన లాంటిది బయటికి వచ్చి ఉంది. అడుగున మూత తిప్పితే పిడిలోంచి చిన్న రంపం జారి చేతిలో పడింది.

"ఒకదాంట్ల ఐదు. ముంబైల ప్రదర్శన పెడితె పోయి చూసిన. ఇగ ఐదు సామాన్లు మోసుకుంట తిరుగుడు బంద్."

బుచ్చిరాములు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి మెచ్చుకున్నాడు. ఎవరు ఏది చూపించినా మొదట మెచ్చుకునే మనిషి అతను. యమునాబాయి మాత్రం బొటనవేలితో పదును అంచును, దాని చెంపలను తడిమింది.

"అడగకుండ ఎట్ల ఇచ్చేసినవు భూషణ్?"

"కారఖానా సామానే గదా అత్తా."

"కారఖానదే. పట్టేది నేను."

భూషణ్ చెడ్డగా ఏమీ మాట్లాడలేదు. నెలకొక గొడ్డలి కామ విరుగుతోందన్నాడు. గడ్డపార మిషన్ల దగ్గరికి వెళ్తే మళ్ళీ రాదని, దాన్ని వెతుక్కుంటూ ముగ్గురు మనుషులు తిరుగుతారని, దొడ్డి చూస్తే పాత ఇనుము కొనే భంగార్ దుకాణంలా ఉంటుందని అన్నాడు. అవన్నీ నిజమేనని ఆమెకు తెలుసు. మొన్న శనివారం తానే గడ్డపార కోసం అరగంట తిరిగింది.

"నువ్వు చెప్పేది అబద్ధం కాదు. కని ఇది సన్నగుంది. చీల్చే గొడ్డలికి చెంపలు లావుండాలె. లోపలికి దిగినంక మొద్దును రెండు దిక్కులకు తొయ్యాలె. ఇది కోస్తది, చీల్చదు. ఇంట్ల కొబ్బరికాయ కొట్టనీకి, చిన్న కొమ్మలు నరకనీకి మంచిగనే ఉంటది. తుమ్మ మొద్దుకు పనికి రాదు."

"చెయ్యక ముందే అంటే ఎట్ల?"

"ఇంకోటి విను. మొద్దు పగుల్ల పాచర్ పెట్టి దిగ్గొట్టాల్నంటె సమ్మెటే కావాలె. గొడ్డలి ఎనకకెల్లి, సుత్తి దిక్కుతోని కొట్టద్దు. గొడ్డలి ఇనుము పదును కోసం గట్టిగ కాలుస్తరు. గట్టిది పెళుసుగుంటది. ఇనుము మీద కొడితె పెచ్చు లేస్తది."

భూషణ్ అట్టపెట్టె తిప్పి చూపించాడు. "సుత్తి బొమ్మ ఉంది గదా అత్తా. కంపెనోళ్ళకు తెల్వదా?"

"మేకు కొడుతున్న బొమ్మ ఉంది. పాచర్ కొడుతున్న బొమ్మ యాడుంది?"

అతను ఫోన్ మోగితే మాట్లాడుకుంటూ వెళ్ళిపోయాడు. పాచర్లు, అంటే పగుల్లో పెట్టి కొట్టే ఇనుప చీలలు, రెండు మాత్రం దొడ్లోనే బురదలో పడి ఉన్నాయి. భంగార్‌వాడి కంట పడలేదు కాబట్టి మిగిలాయి.

మూడు రోజులు ఆ ఎర్ర పిడి గొడ్డళ్ళతో తంటాలు పడ్డారు. దెబ్బ వేస్తే పదును మొద్దులోకి చక్కగా దిగేది, దిగి అక్కడే ఇరుక్కునేది. దాన్ని ఊడబెరకడానికి కట్టెముక్కతో కొట్టాల్సి వచ్చేది. తలలో బరువు లేదు కాబట్టి ఆ బరువంతా భుజం పెట్టాల్సి వచ్చింది. పిడి చివరి మొనతో మొద్దు దొర్లించబోతే చెయ్యి పదును దగ్గరికి పోయేది. చిన్న రంపం మొదటి రోజే వంగిపోయింది. పొద్దు గూకేసరికి మామూలుగా చీల్చే దాంట్లో సగం కూడా అయ్యేది కాదు. యమునాబాయి రోజూ సాయంత్రం ఆఫీసు ముందు నిలబడి సమ్మెట అడిగింది. "అలవాటు లేక అట్ల అనిపిస్తది అత్తా" అని భూషణ్ రోజూ అదే మాట అన్నాడు. రాజమౌళి లోపల కూర్చుని అంతా వింటూనే ఉన్నాడు.

గురువారం వచ్చిన లారీలో మొద్దులు పచ్చివి, పైగా దారిలో వానకు తడిసినవి. పదకొండు గంటలకు బాయిలర్ మీటరు ముల్లు పడిపోవడం మొదలైంది. సైజింగ్ మాస్టర్ నాగేష్ పరుగున దొడ్లోకి వచ్చాడు.

"ఏం చేస్తున్నరు మీరిద్దరు? ఆవిరి లేదు ఆడ. నూలు పచ్చిగనే బీముకు చుట్టుకుంటుంది. బూజు పడితె ఎవరిస్తరు? పావుగంటల కట్టె రాకపోతె నేను సేటుకు చెప్తున్న, ఇద్దర్ని పంపించుండ్రి అని."

వాళ్ళ ముందున్నది నడుమంత లావు మొద్దు. పాచర్ పగుల్లో సగం దిగి ఆగింది. బుచ్చిరాములు చిన్న మొద్దొకటి ఎత్తి దాంతో పాచర్‌ను మోదుతున్నాడు. మొద్దు చీలికలవుతోంది తప్ప పాచర్ కదలడం లేదు. ఒళ్ళంతా చెమటతో అతను వదిన వైపు చూశాడు.

"గొడ్డలి ఎనకకెల్లి కొట్టనా వదినె?"

ఆమె బాయిలర్ వైపు చూసింది. నాగేష్ ఇంకా అరుస్తున్నాడు.

"రెండేట్లు వెయ్యి. మెల్లగ" అంది.

మొదటి దెబ్బకు పాచర్ వేలెడు దిగింది. రెండో దెబ్బకు చప్పుడు మారింది. ఠంగుమనాల్సింది టిక్కుమంది. బుచ్చిరాములు గొడ్డలి వదిలేసి కింద కూర్చున్నాడు. కుడి కంటిని అరచేత్తో మూసుకుని, "కట్టె పేడు పడ్డట్టుంది, ఏం కాలే" అన్నాడు. వేళ్ళ సందుల్లోంచి నెత్తురు సన్నగా ఒక్క గీతలా కారింది. యమునాబాయి గొడ్డలి ఎత్తి చూసింది. సుత్తి మూల ఒకచోట బియ్యపు గింజంత ముక్క లేదు.

ఆటోలో కూర్చోబెట్టి ముందు దగ్గరి దవాఖానకు, అక్కడి నుంచి ఠాణే తీసుకెళ్ళారు. ఇనుప ముక్కను తీశారు. కంటి చూపును మాత్రం నిలబెట్టలేకపోయారు. డాక్టరమ్మ ఆ సంగతి బుచ్చిరాములు భార్య మాలతికి హిందీలో చెప్పింది. మాలతి అర్థం కానట్టు యమునాబాయి వైపు తిరిగి, "ఏమంటుందక్కా?" అని అడిగింది. అర్థం కాక కాదు, ఇంకొకసారి వేరేలా వినాలని. యమునాబాయి నోటితో చెప్పలేక తల అడ్డంగా ఊపింది.

సోమవారం ఆమె పనికి వచ్చేసరికి గోడ మేకులకు ఆరు జతల కొత్త కళ్ళజోళ్ళు వేలాడుతున్నాయి. ప్లాస్టిక్‌వి, పక్కలు కూడా మూసి ఉండేవి, కవర్లు ఇంకా విప్పలేదు. వాటిని చూస్తూ నిలబడి ఉండగా భూషణ్ ఒక కాగితం, పెన్ను పట్టుకొచ్చాడు.

"అత్తా, బీమాకు పంపాలె. నువ్వు చూసినవు గదా, సాక్షి కింద ఒక సంతకం పెట్టు. రాములు మామకు జల్దీ పని అయితది."

యమునాబాయి పుట్టింది భివండిలోని కామత్‌ఘర్‌లోనే. మున్సిపాలిటీ బడిలో ఐదో తరగతి దాకా మరాఠీ చదివింది. భూషణ్‌కు ఆ సంగతి తెలియదు. ఆమె కాగితం తీసుకుని అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివింది. కళ్ళజోడు ఇచ్చినా పెట్టుకోలేదని ఉంది. పాచర్ కొట్టడానికి తగని తీరులో పనిముట్టు వాడాడని ఉంది. ఆఖరున ఒక మాట దగ్గర ఆమె వేలు ఆగింది. నిష్కాళజీపణా. హోంవర్కు మరిచిపోయిన రోజున టీచరు బెత్తం ఊపుతూ అనే మాట అది. నిర్లక్ష్యం. బుచ్చిరాములు సొంత నిర్లక్ష్యం వల్ల కన్ను పోయిందని రాసి ఉంది.

ఆమె చెవుల్లో వేడి పుట్టింది. కాగితం మడిచి జాకెట్లో పెట్టుకుంది.

"ఇది నువ్వే రాసినవా?"

"వకీల్ రాసిచ్చిండు అత్తా. అందరు గట్లనే రాస్తరు. ఒక ఫార్మాలిటీ."

"కళ్ళజోళ్ళు ఎప్పుడు తెచ్చినవు?"

భూషణ్ కాగితం కోసం చెయ్యి చాపాడు.

"చెప్పు. గురువారం ఈ గోడకు ఏముండె?"

"అత్తా, కాగితం ఇటియ్యి."

ఆమె ఇవ్వలేదు. నేరుగా సైజింగ్ మిషన్ దగ్గరికి నడిచి నాగేష్‌ను పిలిచింది. బాయిలర్ మనిషిని పిలిచింది. బీములు మోసే వాళ్ళను, నూలు బండి తోలుకొచ్చిన వాడిని కూడా పిలిచింది. పనుంది రండి అంది, అంతే. ఆరేళ్ళలో ఆమె గొంతు ఎత్తగా ఎవరూ వినలేదు. అప్పుడు కూడా ఎత్తలేదు. ఆ గొంతు విని అందరూ వెంట వచ్చారు. ఆఫీసు గదిలోంచి రాజమౌళి కూడా చెప్పులు వేసుకుని బయటికి వచ్చాడు.

ఆ మొద్దు ఇంకా అక్కడే ఉంది. పాచర్ సగం దిగి అలాగే ఉంది. యమునాబాయి రెండో ఎర్ర పిడి గొడ్డలి తీసి, పిడి ముందుకు పెట్టి భూషణ్‌కు అందించింది.

"కొట్టు. ఎనకకెల్లి. రెండేట్లు."

"ఏంది అత్తా ఇది?"

"కంపెనోళ్ళకు తెల్వదా అంటివి గదా. నువ్వే చేసి చూపియ్యి. మేం నేర్సుకుంటం."

భూషణ్ గొడ్డలి అందుకున్నాడు. నలుగురి కళ్ళ ముందు అందుకోక తప్పలేదు. మొద్దు దగ్గరికి వెళ్ళి, పాచర్‌ను చూసి, తల తిప్పి గోడ వైపు చూశాడు.

"చష్మా ఒకటి ఇయ్యుండ్రి."

"ఎందుకు?" అంది యమునాబాయి.

"ఎందుకేంది? కంట్ల పడితె?"

యమునాబాయి జాకెట్లోంచి కాగితం తీసి రాజమౌళి ముందుకు నడిచింది.

"అన్నా, నీ కొడుకు కంట్ల పడుతదని భయపడ్డడు. మంచిదే, పడొద్దు. కని పడుతదని తెల్సి గూడ మా రాములుది నిర్లక్ష్యం అని రాసిండ్రు. ఇచ్చిన కళ్ళజోడు పెట్టుకోలేదట. ఆ కవర్లన్న ఇప్పలేదు సూడు. ఐదింటికి ఒకటే చాలని కొన్నది మీరు. వద్దని నేను మూడు రోజులు ఆఫీసు ముంగట నిలవడి మొత్తుకున్న. లోపల కూసోని నువ్వు విన్నవు. వినలే అను, నేను ఇప్పుడే సంతకం పెడుత."

రాజమౌళి కాగితం చదవలేదు. కొడుకు చేతిలోంచి గొడ్డలి తీసుకుని సుత్తి వైపు వేలితో తడిమాడు. ఎంతసేపో అలా తడుముతూ నిలబడ్డాడు. చివరికి దాన్ని మొద్దు మీద పడుకోబెట్టాడు.

"కాగితం చింపు" అన్నాడు భూషణ్‌తో. "జరిగింది జరిగినట్టు రాసి పంపు. నాగేషూ, బజారుకు పోయి సమ్మెట, గడ్డపార, రెండు గొడ్డళ్ళు పట్టుకరా. కట్టెలు చీల్చే గొడ్డళ్ళు. చెల్లెను అడిగి ఏవి కావాల్నో రాసుకో."

కొత్త కాగితంలో పనిముట్టు సరైనది కాదని, కళ్ళజోళ్ళు ఆ రోజు లేవని రాశారు. యమునాబాయి అక్షరం వదలకుండా చదివి సంతకం పెట్టింది. సాయంత్రానికి సమ్మెట వచ్చింది. రెండు దెబ్బలకు పాచర్ మొద్దును నిలువునా విడదీసింది. ఆ విడిన చప్పుడుకు ఆమెకు సంతోషం రాలేదు. ఇంత చిన్న పనికి ఒక కన్ను పోయిందా అనుకుంది.

పని దిగే వేళకు రాజమౌళి ఆమెను ఆఫీసులోకి పిలిచాడు. చాయ్ తెప్పించాడు. ఆమె తాగలేదు, కూర్చోలేదు.

"ఆఫీసుల చెప్తె నేను చింపకపోదునా చెల్లె? నలుగురి ముంగట నా కొడుకు ఇజ్జత్ తీస్తివి."

"మూడు రోజులు ఆఫీసులనే చెప్పిన అన్నా."

ఆయన బల్ల మీది పెన్నును జరిపి మళ్ళీ అక్కడే పెట్టాడు.

"వాడు రేపట్నుంచి ఆ దొడ్లె నిలవడి మాట చెప్తె ఎవడు వింటడు? నాకు కారఖానా నడవాలె. రాములు సంగతి నేను చూసుకుంట, ఆ మాట తప్పను. నువ్వు మాత్రం వేరే తాన చూసుకో."

ఆరేళ్ళ కింద ఆమెను చూసి నవ్వని మనిషి ఇతనేనా అని యమునాబాయి ఆయన ముఖంలోకి చూసింది. ఈయన మీద మాట పడితే తాను ఎంతమందికి ఎదురు చెప్పిందో గుర్తొచ్చి, ఆయన కంటే ముందు తన మీదే తనకు ఒళ్ళు మండింది.

"చూసుకుంట. కని ఒకటి యాదికుంచుకో. నీ కొడుకు తెల్వక చేసిండు. నీకు తెల్సు. పదిహేడేండ్లప్పటి సంది ఇనుము పట్టినోడివి. తెల్సి కూసున్నవు. నా కోపం వాని మీద గాదు, నీ మీద."

ఆమె అటు నుంచి అటే కామత్‌ఘర్ వెళ్ళే షేర్ ఆటో ఎక్కి బుచ్చిరాములు గదికి వెళ్ళింది. జరిగిందంతా చెప్పింది. మాలతి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. కాగితం మారిందన్నందుకు ఒకసారి, పని పోయిందన్నందుకు ఒకసారి. బుచ్చిరాములు గోడకు ఆనుకుని కట్టు కట్టిన కన్ను ఆమె వైపు ఉండేలా పక్కకు తిరిగి కూర్చున్నాడు. చెంబుతో గ్లాసులోకి నీళ్ళు వంచుకోబోతే నీళ్ళు గ్లాసు పక్కన పడ్డాయి. మాలతి లేవబోయింది. వద్దన్నట్టు చెయ్యి ఊపి, ఈసారి చెంబును గ్లాసు అంచుకు ఆనించి వంచుకున్నాడు.

"కొత్త కాగితంల అంతా రాసిండ్రా వదినె?"

"రాసిండ్రు."

"నువ్వు కొట్టుమన్నది రాసిండ్రా?"

మాలతి తలెత్తింది. ఆమెకు ఆ సంగతి తెలియదు. యమునాబాయి నాలుగు రోజులుగా ఆ మాట ఎవరికీ చెప్పలేదు. దొడ్లో అందరి ముందు నిలబడి అంతంత మాటలన్నప్పుడు కూడా ఆ ఒక్క మాట చెప్పలేదు.

"రాయలే" అంది.

"ఎందుకు రాయలే?"

"రాస్తె వాళ్ళు తప్పించుకుంటరు."

"గంతేనా?"

"గంతే గాదు. భయమైంది. నేనే వద్దని నేనే కొట్టుమన్న. ఆ నాగేష్ అరుస్తుంటె నా నోట్లెకెల్లి వచ్చింది. పని పోతదని వచ్చింది. ఇప్పుడు పనీ పోయింది."

బుచ్చిరాములు నీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టాడు. అతని గొంతులో కోపం ఆమె ఇంతకు ముందెప్పుడూ వినలేదు. ఏది చూపించినా మెచ్చుకునే మనిషిలో అది ఎక్కడుందో తెలియదు.

"నాకు వాళ్ళ మీద ఉంది వదినె. నీ మీద గూడ ఉంది. ఇప్పుడే పొమ్మంటె పోదు. నువ్వు వచ్చి కూసో, అన్నం తిను, మాట్లాడు. అది మాత్రం ఉంటది కొన్ని దినాలు."

"ఉండనీ" అంది యమునాబాయి.

మాలతి లేచి పొయ్యి ముట్టించింది. ముగ్గురికి సరిపడా బియ్యం కడిగిందో, ఇద్దరికే కడిగిందో యమునాబాయి చూడలేదు. లేచి వెళ్ళిపోదామని ఒకసారి అనిపించింది. వెళ్ళలేదు. మరిది గుడ్డి వైపు నుంచి లేచి, అతను మెడ తిప్పకుండానే చూడగలిగే వైపుకు వచ్చి, అతనికి ఎదురుగా కూర్చుంది.